పుస్తెలు తెల్లబడిన మధ్యాహ్నం

నేను పుట్టు పిరికిదాన్ని. పళ్ల డాక్టరుని కనక నన్ను చూసి ఎదుటివాళ్లు వణుకుతారు గానీ, ఇంట్లో బల్లి కనబడితే మంచమెక్కి కేకలు పెట్టేది నేనే. మా ఆయన ఈ సంగతి చెప్పి చుట్టాలందరి ముందూ నన్ను ఆటపట్టించేవాడు. అవన్నీ ఉత్తుత్తి భయాలనీ, నిజంగా భయం వేస్తే కేక కూడా రాదనీ నాకు నాచారంలో ఒక మధ్యాహ్నం తెలిసింది.

ఎనభైల చివరి రోజులవి. మా ఆయన ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఉప్పల్‌లో అద్దెకుండేవాళ్లం. వారంలో మూడు రోజులు పొద్దున పూట ఒక డెంటల్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. మిగతా సమయమంతా నాచారం ఫ్యాక్టరీల దగ్గర ఒక్క గది క్లినిక్కులో గడిచేది. ఆ క్లినిక్కుకు నేనూ, మా ఆయా, అంతే; సాయంత్రం ఊడ్చడానికి ఒకామె వచ్చి పోయేది. ఆయా అంటే పెద్దదనుకునేరు, ఇరవై రెండేళ్ల పిల్ల. జనగామ వైపు నుంచి పెళ్లి చేసుకుని వచ్చింది. భర్త అక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, కాపురం చిల్కానగర్‌లో. కానుపై నాలుగో నెలకే మళ్లీ పనిలోకి వచ్చేసింది. మధ్యాహ్నం అత్తగారు చంటిపిల్లను చంకనేసుకుని తీసుకొస్తే, మందుల బీరువా వెనక కూర్చుని పాలిచ్చేది.

అప్పట్లో పుచ్చిన పంటికి వెండి నింపడమంటే పెద్ద తతంగం. వెండి పొడినీ పాదరసాన్నీ గాజు కల్వంలో వేసి నూరాలి. ముద్దయ్యాక అరచేతిలో వేసుకుని బొటనవేలితో మెదపాలి. తర్వాత పల్చటి గుడ్డలో మూటగట్టి పిండితే, ఎక్కువైన పాదరసం చుక్కలుగా బయటికి వస్తుంది. దాన్ని సింకులోకి విదిలించి కుళాయి తిప్పేవాళ్లం. నాకు మా మేష్టార్లు నేర్పింది అదే, నేను ఆయాకు నేర్పిందీ అదే. ఆమె చెయ్యి నాకంటే బాగా తిరిగింది.

ఆ పనికి ఇంకో ముచ్చట ఉంది. వేలికి బంగారపు ఉంగరంతో పాదరసం ముట్టుకుంటే అది వెండిలా తెల్లబడిపోతుంది. చదువుకునే రోజుల్లో మాలో ఉంగరం పాడుచేసుకోనివాళ్లు లేరు. కొత్తగా నిశ్చితార్థం అయిన పిల్లలైతే ఏడుపే ఏడుపు. సీనియర్లు నవ్వి, "కంసాలి దగ్గరికి పోండి, మంట చూపిస్తే మళ్లీ పచ్చబడుతుంది" అనేవాళ్లు. వెళ్లేవాళ్లం, పచ్చబడేది. ఆ పాదరసం ఎక్కడికి పోయిందని మాలో ఒక్కళ్లం కూడా అడగలేదు.

ఒకరోజు కాలేజీ లైబ్రరీలో ఏదో తిరగేస్తుంటే, పళ్ల క్లినిక్కుల నుంచి మురుగులోకి పోయే పాదరసం గురించి ఒక వ్యాసం కనబడింది. నీళ్లలోకి, అక్కడి నుంచి చేపల్లోకి, అక్కడి నుంచి మనుషుల్లోకి. మా క్లినిక్కు వెనక మోరీ పల్లానికి, చెరువు వైపుకే పారేది. ఆ చెరువు చేపలే మా వీధిలో గంపల్లో అమ్మేవాళ్లు. మర్నాడు పిల్లలకు ఆ పాఠం ఆవేశంగా చెప్పాను. బల్ల గుద్ది మరీ చెప్పాను. మా కాలేజీలో ఇలాంటి పాఠం చెప్పిన మొదటిదాన్ని నేనేనని లోపల కాస్త గర్వం కూడా.

ఆ ఊపులోనే క్లినిక్కుకు వచ్చి ఆయాకూ చెప్పాను. "ఇకనుంచి ఒక్క చుక్క కూడా సింకులో పొయ్యకు. చెత్తకుండీలో వెయ్యకు. బయట పెట్టకు, పేషెంట్ల పిల్లలు ఆడుకుంటారు. విషం అది. పిండిన గుడ్డా, మిగిలిన ముక్కలూ అన్నీ మూటగట్టి భద్రంగా దాచు. ఎలా చెయ్యాలో తర్వాత చెప్తాను."

ఆ తర్వాత అనేది రాలేదు. మూతున్న సీసా ఒకటి తేవాలని రోజూ అనుకునేదాన్ని, మర్చిపోయేదాన్ని. సింకు శుభ్రంగా ఉండేది, కుండీ శుభ్రంగా ఉండేది. చెప్పిన మాట విందని సంతోషించాను. ఆ మూట ఏమవుతోందని మూడు వారాల్లో ఒక్కసారైనా అడిగితే నా సొమ్మేం పోయేది?

ఆ మధ్యాహ్నం నేను ఒక ఫ్యాక్టరీ ఫోర్‌మన్ పంటికి గుంట తవ్వుతున్నాను. పిల్లకు పాలివ్వడానికి బీరువా వెనక కూర్చున్న ఆయా ఒక్కసారిగా గొల్లుమంది. వెళ్లి చూస్తే ఒళ్లో పిల్ల, చేతిలో పుస్తెలతాడు. రెండు పుస్తెలూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పక్కన అత్తగారు నోరు నొక్కుకుని నిలబడి ఉంది.

"డాక్టరమ్మా, నా పుస్తెలు సూడున్రి! నిన్న రాత్రి గూడ మంచిగనే ఉండె. ఆయనకేమన్న అయితదా? పొద్దుగాల మిషిను మీద పనికి పోయిండు డాక్టరమ్మా!"

నేను నవ్వాను. ఇది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నవ్వి, "పిచ్చిదానా, మీ ఆయనకేం కాదు. పాదరసం తగిలింది, అంతే. మాకందరికీ ఉంగరాలు ఇలాగే అయ్యేవి. కంసాలి దగ్గరికి వెళ్లి మంట చూపించమను, మళ్లీ పచ్చబడతాయి" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, "ఉప్పల్ల మా అవుసులాయన ఉన్నడు, పోయొస్త" అని పిల్లను ఎత్తుకుని బయల్దేరింది. ఆకలి మీదున్న పిల్లను అత్తగారు ఉంచుకోలేనంది, తనూ వెంట వెళ్లింది. నేను వెళ్లి ఫోర్‌మన్ నోట్లో మళ్లీ అద్దం పెట్టాను.

గుంట సగమైంది. అప్పుడు తట్టింది నాకు.

ఉంగరమంటే వేలికి ఉంటుంది, పాదరసం తగులుతుంది. పుస్తెలు రవికె లోపల ఉంటాయి. అక్కడికి పాదరసం ఎలా వెళ్లింది?

తాళంచెవులైనా, నోట్లైనా, బస్సు టికెట్టైనా ఆమె రవికెలోనే దోపుకునేది. అక్కడి ఆడవాళ్లందరికీ అదే భద్రమైన చోటు. భద్రంగా దాచమని చెప్పింది నేను. ఆ రవికె దగ్గరే మూడు వారాలుగా నాలుగు నెలల పిల్ల పాలు తాగుతోంది. అది చాలదన్నట్టు ఇప్పుడు అదే పిల్లను ఒళ్లో పెట్టుకుని, చిన్న గదిలో, పాదరసం పట్టిన బంగారాన్ని మంటలో పెట్టించడానికి వెళ్లింది. మంట తగిలితే ఆ పాదరసం ఆవిరై గదంతా నిండుతుంది. అలా చెయ్యమని పంపిందీ నేనే.

ఫోర్‌మన్ పంట్లో ఇంత పత్తి కుక్కి, "రేపు రండి" అన్నాను. "ఏందమ్మా, నా పన్ను సగంల ఇడిసిపెట్టి యాడికి వోతవ్?" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. తెల్ల కోటుతోనే రోడ్డు మీద పరిగెత్తి ఆటో ఎక్కాను. హబ్సిగూడ మీదుగా ఉప్పల్ ఎంత దూరమని? ఆ రోజు అది తరగలేదు. ముందు లారీలు, పక్కన బస్సులు. గట్టిగా పోనివ్వమని ఆటోవాడికి చెబుదామంటే గొంతులోంచి మాట రాలేదు, చేతులతో సైగ చేశాను. దేవుడా, ఆ కుంపటి రాజుకోకుండా చూడు, అదొక్కటే పాట.

కంసాలి వీధి ఏదో తెలుసు గానీ దుకాణం తెలియదు. మూడు గుమ్మాలు తొంగిచూశాక నాలుగో దాంట్లో కనబడింది. కిటికీ లేని గది. కుంపట్లో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. ముసలాయన ఊదుగొట్టం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా చాప మీద మా ఆయా, ఒళ్లో నిద్రపోతున్న పిల్ల, పక్కన అత్తగారు.

పుస్తెలు ఇంకా మెడలోనే ఉన్నాయి.

మెడ బోసిగా పెట్టి పుస్తెలు తియ్యకూడదట. ముందు పసుపుకొమ్ము కట్టిన తాడు మెడలో వేసుకుని, అప్పుడు ఇవి తియ్యాలట. పసుపుకొమ్ము లేనిదే ముట్టనని ముసలాయన పట్టుబట్టాడు. ఇంట్లో కొమ్ము లేదు, మధ్యాహ్నం కనక కిరాణా కొట్లు మూశారు. ఆయన భార్య కొమ్ము కోసం ఇల్లిల్లూ తిరుగుతోంది. నేను గుమ్మంలో నిలబడి ఉండగానే ఆవిడ నా వెనక నుంచి, "దొర్కింది, దొర్కింది" అంటూ వచ్చింది.

"వద్దు!" అని అరిచాను. గొంతు అప్పుడొచ్చింది.

నన్ను అలా చూసేసరికి ఆయా ముఖంలో రక్తం లేదు. "ఆయనకేమైంది డాక్టరమ్మా?" అంది. ఏమీ కాలేదని ఎంత చెప్పినా నమ్మదు. పిల్లను లాక్కుని అత్త చేతికిచ్చి బయటికి పంపాను. "నీ రవికెలో ఏముందో తియ్యి" అన్నాను.

తీసింది. తాళంచెవుల గుత్తికి కట్టిన గుడ్డమూట. వెచ్చగా ఉంది. పాదరసం ఆ గుడ్డ నేతలోంచి సన్నగా, పొడిలా బయటికి వచ్చి మెరుస్తోంది. పిండితే బయటికి వచ్చే గుడ్డ అదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"పొద్దుమూకితే ఊడ్శెటామె ఏం దొర్కినా పారేస్తది డాక్టరమ్మా. అందుకే ఇంటికి కొంటవోయి పొద్దుగాల మల్ల తెస్తున్న. మీరే జెప్పిన్రు గద, ఎవ్వల చేతికి దొర్కొద్దని."

ముసలాయన మూట వంక చూసి, "అరె, గిది పాదరసమా? డాక్టరు పోరగాండ్ల ఉంగరాలు మస్తు కాల్చిన నేను" అని దగ్గాడు. ఆ దగ్గు ఎప్పటినుంచని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. గాజు సీసా ఒకటి అడిగి తీసుకుని, నీళ్లు పోసి మూట అందులో వేశాను. పసుపుకొమ్ము ఎలాగూ దొరికింది కనక, ఆ తాడు మెడలో వేయించి, తెల్లబడిన పుస్తెలు కూడా తీయించి అందులోనే వేశాను. ఆమె ఆ సీసా వంక చూసింది.

"మోర్ల వొయ్యొద్దు, కుండీల ఎయ్యొద్దు, కాల్వొద్దు, మీద పెట్టుకోవద్దు. మరి ఏడ పెట్టాలె డాక్టరమ్మా?"

నేను సీసాకు మూత బిగించి కోటు జేబులో పెట్టుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా మల్కాజిగిరిలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పిల్లను తిప్పితిప్పి చూశాడు. పైకి ఏమీ కనబడడం లేదన్నాడు. లోపలికి ఎంత పోయిందో తేల్చే పరీక్ష తనకు తెలిసి ఊళ్లో లేదన్నాడు. "చూస్తూ ఉండండి. మెడ నిలబెడుతుందా, కళ్లు తిప్పుతుందా, వేళకు నడుస్తుందా. అంతే" అన్నాడు. ఆ రవికె ఉతకాలా కాల్చాలా అని ఆయా అడిగింది. రెండూ వద్దన్నాను. అది కూడా డబ్బాలో పెట్టి మూతేశాం.

ఆ వారం క్లాసులో బల్ల గుద్దలేదు. మంట చూపిస్తే ఉంగరం పచ్చబడుతుందని ఇక ఎవరికీ చెప్పొద్దన్నాను, ఎందుకో కూడా చెప్పాను. నీళ్లు పోసిన సీసాలు ప్రతి బల్ల మీదా పెట్టించాను. సీసా నిండితే ఏం చెయ్యాలి మేడం అని ఒక అమ్మాయి అడిగింది. తెలియదని ఒప్పుకున్నాను. తెలుసుకునేదాకా వాటికి తాళం వేసి, తాళంచెవి నేనే పెట్టుకుంటానన్నాను.

ఆదివారాలు చిల్కానగర్ వెళ్లడం మొదలుపెట్టాను. బిస్కెట్లనో, బరువు చూద్దామనో ఏదో వంక. నా తాళంచెవుల గుత్తి పిల్ల ముందు ఆడించేదాన్ని. కళ్లు అటు తిరిగితే నా ఊపిరి తిరిగేది. వేలు చాపితే గట్టిగా పట్టుకుంటుందా లేదా అని చూసేదాన్ని. ఒకసారి పిల్ల మగతగా ఉంటే ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను, తర్వాత తెలిసింది జలుబని. ఈ భయం సంగతి ఆయాకు చెప్పలేదు. నావల్ల జరిగిందని చెప్పే ధైర్యం లేదు, చెప్పి ఆమెను కూడా బెంబేలెత్తించడం ఎందుకని నన్ను నేను సమర్థించుకున్నాను. గుమ్మం ముందు ఆగి, ముఖం సర్దుకుని, నవ్వు పెట్టుకుని లోపలికి వెళ్లేదాన్ని. ఒక్క ఆదివారం మాత్రం నాకే పంటి నొప్పి వచ్చి, దవడ పట్టుకుని వెళ్లి, నాలుగు మాటలైనా మాట్లాడకుండా తిరిగొచ్చేశాను.

పదమూడో నెలలో పిల్ల నడిచింది. నా కళ్లముందే గోడ వదిలి నాలుగడుగులు వేసి, నా చీర కుచ్చెళ్లు పట్టుకుంది. నేను అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. తప్పు నాదని, సగం చెప్పి వదిలేశానని, ఇన్ని నెలలుగా భయంతో చస్తున్నానని.

ఆమె నా చేతిలో చక్కెర పెట్టింది. "నాకెరకే డాక్టరమ్మా" అంది. "మీరొచ్చినప్పుడల్ల పోరి కండ్లే సూసెటోళ్లు. నేను మీ మొఖం సూసెటిదాన్ని. అడిగితే ఏం జెప్తరోనని భయమైతుండె. మీ మొఖం నిమ్మళంగ ఉంటెనే ఆ వారం నిద్రవోయిన."

తర్వాత నవ్వుతూ, ఒక్కవారం మాత్రం కంటిమీద కునుకు లేదంది. నేను దవడ పట్టుకుని, నోరు విప్పకుండా వెళ్లిపోయిన వారం.