గోడ ముందు నిలబెట్టింది నేనే

నాకు నోరెక్కువ. మస్కట్‌లో పదిహేనేళ్లుగా నర్సుని, మా వార్డులో డాక్టర్లు కూడా నాతో పెట్టుకోరు. తూంకుంటలో నేను కొనుక్కున్న రెండువందల గజాల ప్లాటును మస్కట్ నుంచే, ఆ నోటితోనే కాపాడుకుంటున్నానని మురిసిపోయేదాన్ని. పెళ్లి చేసుకోలేదు, ఒంటిమీద బంగారం లేదు. నాది అని చెప్పుకోవడానికి ఆ ముక్క ఒక్కటే ఉంది.

కొన్న ఏడాదికే పక్క ప్లాటులో హద్దురాళ్లు మాయమయ్యాయి. వారం తిరగకుండా అందులో రేకుల షెడ్డు లేచింది. ఆ ఓనరు కూడా నాలాగే వేరే దేశంలో ఉంటాడు, ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. అది విని నాకు గుండె జారిపోయింది. సెలవు పెట్టి వచ్చి, చుట్టూ గోడ కట్టించి, దానిమీద 'ఈ ప్లాటు అమ్మబడదు' అని ఇంతింత అక్షరాలతో రాయించాను. ఒక మూలన చిన్న రూము వేసి, గౌడవెల్లి నుంచి ఒక జంటను కాపలాకు తెచ్చి పెట్టాను. అతను బైకు మీద మేడ్చల్ వైపు ఫ్యాక్టరీకి పోయి వస్తాడు. ఆమె కూలికి పోతుంది. వాళ్లకు జీతం లేదు, నాకు అద్దె లేదు.

ఇక నా భయం వాళ్లమీదికి మళ్లింది. ఏళ్ల తరబడి ఉంటే జాగా ఉన్నవాళ్లదే అయిపోతుందని ఎవరో అన్నారు. రేషన్ కార్డులో ఈ అడ్రసు పెట్టుకోవద్దన్నాను. ఏడాదికోసారి సామాను సర్దుకుని పదిరోజులు ఊరికి పొమ్మనేదాన్ని, తిరిగొచ్చాక జాగా నాదేనని కొత్త కాగితం మీద సంతకాలు పెట్టించేదాన్ని. ఒకసారి ఆమె గోడ పక్కన మునగమొక్క నాటింది. అది నాకు వీడియో కాల్‌లో కనబడింది.

"చెట్టే గద అక్కా. కూరకైతదని పెట్టిన," అంది.

"నీ కూర కోసం నా జాగ ఇయ్యాల్నా? పీకెయ్," అన్నాను. నేను చూస్తుండగానే పీకేసింది. ఎదురుచెప్పే మనిషి కాదు.

మొన్న ఎండాకాలం ఒక పొద్దున నేను డ్యూటీ దిగి ఇంకా చెప్పులు విప్పలేదు, ఆమె వీడియో కాల్ చేసింది.

"అక్కా, జల్దీ సూడు. జేసీబీ పట్టుకొచ్చిండ్రు. నలుగురు మొగోళ్లున్నరు. ఈ ప్లాటు మాదే అంటున్నరు. నాకు భయమైతాంది."

ఆమె భర్త ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఫోన్‌లో ఆ పసుపుపచ్చ బండి గోడ వైపు రావడం నాకు కనబడుతూనే ఉంది. ఒళ్లు మండిపోయింది.

"పోలీసులకు నేను చెప్పిస్త. నువ్వు గోడకు అడ్డం నిలబడు!"

"మీదికొస్తాంది అక్కా."

"ఆడమనిషి మీదికి ఎవడూ తేడు. నువ్వు కదలకు!"

ఆమె కదల్లేదు. వాళ్లు ఆమెను వదిలి, పది అడుగుల అవతల గోడ మీద జేసీబీ బకెట్ వేసి తమవైపుకు లాగారు. గోడ ఒక్కచోట పడి ఊరుకుంటుందా? ఆమె నిలబడ్డ దాకా కూలింది. ఫోన్ చేతిలోంచి ఎగిరిపడింది. తర్వాత నాకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు, ఆమె అరుపు మాత్రం వినబడుతోంది. పదిహేనేళ్లుగా దెబ్బలు తగిలినవాళ్ల మధ్య బతికినదాన్ని, అది ఎముక నలిగిన అరుపని నాకు తెలుసు. అయినా నా నోట్లోంచి ముందు వచ్చిన మాట, "గోడ ఎంత పోయింది?"

ఛీ, ఏం మనిషిని నేను!

ఆ నలుగురూ బండి వదిలేసి పారిపోయారు. ఎదురుగా ఇల్లు కడుతున్న మేస్త్రీలు ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయారు. పోలీసులు కేసు రాశారు. ప్లాటు నాకే మిగిలింది. ఆమెకు మాత్రం మోకాలి కింద కాలు తీసేశారు.

నాలుగోరోజు నేను ఆసుపత్రికి వెళ్లేసరికి ఆమె భర్త మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తను కూర్చున్న స్టూలు నావైపు జరిపాడు. తిట్టినా బాగుండేది. దుప్పటి ఎత్తి కట్టు చూశాను. అలాంటి కట్లు ఎన్ని కట్టానో లెక్కలేదు, కానీ ఆ రోజు దుప్పటి వెంటనే కప్పేశాను.

"అక్కా, ఒక్కటి అడుగుత, కోపం జేయకు," అంది ఆమె. "ఇగ నేను ఉరకలేను, అడ్డం నిలబడలేను. మమ్మల్ని ఆ రూముల ఉండనిస్తవా?"

విమానంలో వస్తున్నంతసేపూ నేను ఆలోచించింది అదే. కాలు లేని మనిషి ఏం కాపలా కాస్తుంది, ఇంకెవరినైనా చూడాలి అనుకున్నాను. దిగగానే యాప్రాల్‌లో ఖాళీగా ఉన్న ఒక వాచ్‌మన్ నంబరు తెలిసినవాళ్లను అడిగి రాసుకున్నాను కూడా. అది అప్పుడు నా బ్యాగులోనే ఉంది.

"ఉండు చెల్లె. నిన్నెవరు పొమ్మన్నరు?" అన్నాను.

ఆమె బోరున ఏడ్చి, నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.