ఐతాకు జామీను ఉన్న లాలి

చండ్రుగొండ దగ్గరి తండాలో లాలికి కొంచెం మిరప చేను ఉండేది. భర్త పోయాడు. కొడుకు కోటేష్ సర్కారు కొలువొచ్చి ఖమ్మంలో ఉంటున్నాడు. 2007లో కూలీలు దొరకక, అడవిలో గుడిసెలు వేసుకున్న కోయవాళ్లను కాయ ఏరడానికి పిలిచింది. వాళ్లు ఛత్తీస్‌గఢ్‌లో ఊళ్లు తగలబడితే పారిపోయి వచ్చినవాళ్లు. అందులో ఐతా ఒకడు. తండావాళ్లు అనడం విని లాలిని "యాడీ" అనేవాడు. లంబాడీలో అమ్మ అని.

ఒకనాడు పోలీసులు ఐతాను పట్టుకుపోయారు. నక్సలైట్లతో కలిసి రోడ్డు తవ్వాడని కేసు. పోలీసులు చెప్పిన రోజు ఐతా పొద్దంతా లాలి చేనులోనే ఉన్నాడు. ఆ మాట చెప్పడానికి లాలి కొత్తగూడెం వెళ్లి వకీలు నిర్మలాదేవిని కలిసింది.

"అది సాక్ష్యంలో చెబుదువుగాని. ముందు బెయిలుకు జామీను కావాలి. భూమి ఉన్నవాళ్లెవరైనా వస్తారా?"

"ఎవ్వలు రారు మేడం. నేనుంట."

"అతను వాయిదాకు రాకపోతే నిన్ను పట్టుకుంటారు."

"ఏడికి పోతడు? ఆయనకు ఊరే లేకపాయె."

ఐతా బయటికొచ్చాడు. సంగతి తెలిసి కోటేష్ ఫోన్ చేశాడు.

"నా కొలువు సంగతి సోచాయించినవా? ఇగ నాకు ఫోన్ చెయ్యకు."

తండాలోనూ ఆమె ఇంటివైపు ఎవరూ రావడం మానేశారు.

వాయిదా గుర్తుచేద్దామని లాలి అడవిలోకి వెళ్తే గుడిసెలు లేవు. విరిగిన కుండలు పడి ఉన్నాయి. అధికారులు వచ్చి అందరినీ లారీలెక్కించి సరిహద్దు అవతల దింపేశారని పశువుల కాపరి చెప్పాడు. కోర్టులో ఐతా పేరు పిలిచినప్పుడు ఆమె ఒక్కతే లేచి నిలబడింది. నిర్మలాదేవి జరిగింది చెప్పి గడువు అడిగింది. జడ్జి మరో వాయిదా ఇచ్చాడు.

సరిహద్దు అవతలివాళ్లూ వస్తారని లాలి బూర్గంపాడు సంతకు తిరగసాగింది. కనబడిన కోయవాళ్లనల్లా ఐతా గురించి అడిగింది. చాలామంది భయపడి తప్పుకున్నారు. ఇప్పపువ్వు అమ్ముతున్న ఒకామె మాత్రం చివరిదాకా విని తలూపింది.

వాయిదా నాడు ఐతా కోర్టు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లు వాచిపోయాయి.

"నడిచే వచ్చినవా?"

"అవ్. యాడిని జైల్ల ఏస్తరని సంతకు పోయినోళ్లు చెప్పిన్రు."

లాలి సాక్ష్యం చెప్పిన రోజున సర్కారు వకీలు అడిగాడు. "రోజులన్నీ ఒక్కతీరే కదమ్మా. సరిగ్గా ఆ రోజే అని ఎట్ల గుర్తు?"

"అది ఏటేటా చేసే మా ఆయన దినం. బువ్వ వండిన. కొడుకు రాలె, తండోళ్లు వాళ్ల చేన్లు ఇడిసి రాలె. ఈ పిలగాడొక్కడే తిన్నడు."

కేసు కొట్టేశారు. బస్టాండులో లాలి, "మళ్ల చేనుకు రా" అంది. ఐతా తల అడ్డంగా ఊపాడు. "ఈడ మళ్ల పట్టుకుంటరు యాడీ. మావోళ్లు దూరం పోయిన్రు." భద్రాచలం బస్సు రాగానే ఎక్కేశాడు. ఆ తర్వాత అతని కబురు లేదు.

మరుసటి ఏడు తండావాళ్లు ఎర్రుపాలెం నుంచి కూలీలను తెప్పించుకున్నారు. లాలి చేనులోకి ఎవరూ దిగలేదు. తనే ఏరినంత ఏరింది. మిగతా కాయ చెట్టుమీదే ఎండి రాలిపోయింది.