పెన్సిల్ ప్రింటు లేని గార్డు గారి బండి

1987 వేసవి. ఆ కబురు మొదట నాకు చెప్పింది మా వీధిలో పాలు పోసే సుఖ్‌బతి. డబ్బా గుమ్మంలో దించకుండానే, "దీదీ, గార్డ్ బాబూ కే గాడీ లా సాహబ్ మన్ ధర్ లిన్ హే!" అంది. మేం బాగుచేసి పంపిన గార్డు గారి మోటారు సైకిలును రవాణా ఆఫీసులో పట్టి ఉంచేశారట. ఎందుకని నేను అడగలేదు. అడక్కుండానే నాకు తెలిసిపోయింది.

రాయ్‌పూర్‌లో టాటీబంధ్ వెళ్లే దారిలో మాకు చిన్న షెడ్డు ఉండేది. రైల్వేలో ఫిట్టరుగా చేసిన మా మావగారు రిటైరయ్యాక పెట్టారు. యుద్ధకాలం నాటి ఇంగ్లండు మోటారు సైకిళ్లు తుక్కుగా వస్తే కొత్తవాటిలా చేసి పంపేవాళ్లం. ఇంజను పని మావగారిది, రంగూ మెరుగూ మా ఆయనవి. నేను బడి మెట్లెక్కలేదు. మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. ఆ కాస్త చదువుకే కొట్టులో నాకొక పని దొరికింది. అందుకు సింహాద్రి అప్పన్నకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. బండి రాగానే ఇంజను మీద కొట్టిన నంబరుపై పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దేదాన్ని. అంకెలు కాగితం మీదికి తేలేవి. దాన్నే పెన్సిల్ ప్రింటు అంటాం. ఆ వెంటనే నంబరు మీద టేపు అంటించేదాన్ని. మా ఆయన బఫింగ్ చేసేటప్పుడు, అంటే తిరిగే గుడ్డచక్రంతో ఇంజనుకు మెరుగు పెట్టేటప్పుడు, టేపున్న చోటు వదిలేసేవారు.

సూర్యనారాయణ గారు మా విజయనగరం వైపు మనిషి. గూడ్సు రైళ్లలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఏళ్ల తరబడి మూలపడ్డ తన బండిని తోపుడు బండి మీద వేయించుకొచ్చారు.

"కళ్లల్లో నీటికాసులంట కోడలా. సూపు పక్కలనుంచి మూసుకొచ్చేత్తంది. డాకటరు ఏడాది అన్నాడు. ఈలోపల ఆరంగ్ ఊరి దాకా ఓపాలి నానే నడుపుకుని ఎల్లొచ్చీవాలి. ఇంకేటీ అడగను."

కాగితం, పెన్సిలు తీశాను. ఆయనే పక్కకు జరిగి, "తీసుకోమ్మా ప్రింటు" అన్నారు. నాకు సిగ్గేసింది. రేపు బండి దొంగదని తేలితే మా మీదికి రాకుండా తీసుకునే ప్రింటు అది. ఆ ఊళ్లో మన భాష మాట్లాడేవాళ్లం గుప్పెడు మందిమి. ఇంటికొస్తే పీట వేసే మనిషిని అనుమానించినట్టు ఉంటుందనిపించింది.

"మీకు ప్రింటేటి బాబాయ్, మీరు పరాయోళ్లా!" అని పెన్సిలు జడలో దోపుకున్నాను. ప్రింటు లేకపోయేసరికి దాని వెంట వేసే టేపూ మరిచాను. టేపు కనపడలేదు కనుక మా ఆయన అక్కడా చక్రం పట్టారు. అసలే అరిగి పల్చబడ్డ అంకెలు. ఇంజను అద్దంలా వచ్చింది. ముగ్గురం మురిసిపోయాం.

రిజిస్ట్రేషను గడువు దాటిన బండి రోడ్డెక్కాలంటే తనిఖీ తప్పదు. నంబరు ఉండాల్సిన చోట ఇన్‌స్పెక్టరుకు తన మొహమే కనిపించిందట. నంబరు చెరిపిన బండిని దొంగ బండిగానే చూస్తారు. ఎవరు చెరిపారని ఎన్నిసార్లు అడిగినా గార్డు గారు "పాతబడి అరిగిపోయింది" అన్నారు తప్ప మా కొట్టు పేరు ఎత్తలేదు.

"నేనెళ్లి చెప్పేస్తాను" అన్నాను.

"చెప్పి? కేసు మన మీద రాస్తే ఏటి సేస్తావు? ముందు కొట్టు మూసుకోడానికి పెద్ద తాళం కొనుక్కో" అన్నారు మా ఆయన. మావగారు తల దించుకున్నారు.

దేవుడి ముందు కూర్చుని, బండి వదిలేలా చూడమని రోజూ మొక్కాను. వెళ్లాల్సిన ఆఫీసుకు మాత్రం వెళ్లలేదు. ఏడు నెలలు.

ఒకనాడు గార్డు గారు కొట్టుకొచ్చారు. బండి మాట ఎత్తలేదు. టీ గ్లాసు అందిస్తే ఆయన చెయ్యి గ్లాసు పక్కనుంచి పోయింది. రెండోసారీ అంతే. "గ్లాసు దాక్కుంటంది కోడలా" అని నవ్వారు.

మర్నాడు పొద్దున్నే కాగితం తీశాను. ప్రింటు తీయనిది, టేపు వేయనిది నేనేననీ, నంబరు మా కొట్టులోనే చెరిగిందనీ తెలుగులో రాసుకుని, దాన్ని హిందీలో పెట్టి, సంతకం చేసి తీసుకెళ్లాను. ఇన్‌స్పెక్టరు చదివి తలెత్తారు. "బెహన్‌జీ, యహీ బాత్ పెహలే లిఖ్‌కే దేతీ తో కబ్‌కా ఛోడ్ దేతే." ముందే రాసిచ్చుంటే ఎప్పుడో వదిలేసేవారట. కేసేమీ రాయలేదు. రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్న నంబరునే మళ్లీ కొట్టించి, పది రోజుల్లో బండి ఇచ్చేశారు.

అప్పటికి ఆయనకు ఎదురుగా ఉన్నది తప్ప పక్కనున్నది తెలియడం లేదు. ట్యాంకు ఒకసారి నిమిరి, హ్యాండిల్ మా ఆయనకు అప్పగించి, వెనక సీటెక్కారు.

"సర్వీసంతా రైలు ఆఖరి పెట్టెలోనే కూకున్నాను కోడలా. దీని మీదొక్కటే ముందు కూకునీవోణ్ణి" అన్నారు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఉండుంటే నాకు కాస్త తేలికయ్యేదేమో. ఆరంగ్ దాకా వెళ్లొచ్చారు.

ఆ తర్వాత సొంత అన్నయ్య బండి వచ్చినా ముందు ప్రింటే తీశాను. మనవాళ్లని చెప్పి పనిలో పద్ధతి తప్పిస్తే, నష్టపోయేది ఆ మనవాళ్లే. నా చేతిలో ఉన్న పనిని దేవుడి మీదికి తోసి ఏడు నెలలు కూర్చున్నందుకు మాత్రం ఆ దేవుణ్ణే క్షమాపణ అడుగుతుంటాను.

గార్డు గారు ఇప్పుడు లేరు. ఆయన నోట మా పేరు రాకపోబట్టే మా పొయ్యి వెలిగింది. ఇది చదివినవారు రేపు దీపం పెట్టేటప్పుడు సూర్యనారాయణ గారిని ఒక్కసారి తలుచుకోండి.