ఎనిమిదో నెలలో కనిపించిన వాపు

కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో పదకొండేళ్లుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే మనిషి ఆమె. అందరూ అద్దాలక్క అంటారు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఆమె కడుపు పండింది. ఐదో నెల స్కానింగ్‌లో బిడ్డ గుండె, వెన్ను, కిడ్నీలు అన్నీ సవ్యంగా ఉన్నాయన్నారు. అందుకే ఎనిమిదో నెలలో మళ్లీ స్కానింగ్ రాసినప్పుడు ఆమెకు విసుగొచ్చింది.

"అన్నీ చూసేశారుగా వదినా, ఇంకా ఏముంటుంది?"

"బిడ్డ ఎంత పెరిగిందో చూస్తారంతే, పద," అని వెంటబెట్టుకుపోయింది భర్త అక్క. ఆవిడ నోటికి విశ్రాంతి తెలియదు.

స్కానింగ్ చేసే అమ్మాయి పొట్ట మీద చల్లటి జెల్ రాసి, తల చుట్టుకొలత, తొడ ఎముక పొడవు గబగబా చెప్పుకుంటూ పోయింది. "ముక్కు ఎవరిదో చూడమ్మా, మా తమ్ముడిదైతే కష్టం," అని వదిన అంటే నవ్వింది కూడా. ఆ తర్వాత ఆ అమ్మాయి నవ్వలేదు. చేతిలోని పరికరం ఒకేచోట ఆగింది. పక్కకు వెళ్లి, మళ్లీ అక్కడికే వచ్చింది. తెర మీద చిక్కుడు గింజలాంటి నల్లటి మచ్చ.

"ఏంటమ్మా అది?"

"డాక్టరుగారు వచ్చి చెప్తారండీ. అలాగే పడుకోండి."

డాక్టరు వచ్చేదాకా గడిచిన పది నిమిషాల్లో వదిన ఒక్క మాటా మాట్లాడలేదు. అద్దాలక్కను అదే మరీ భయపెట్టింది.

డాక్టరు తెర తనవైపు తిప్పుకొని నిదానంగా చూసింది. "ఎడమ కిడ్నీలో మూత్రం నిలిచిపోయి అది వాచింది. కిందికి దిగే దారి ఇరుకైనట్టుంది. కుడిది బాగుంది, ఉమ్మనీరు సరిపడా ఉంది."

"ఐదో నెలలో లేదన్నారే."

"అప్పుడు లేదమ్మా. కొన్ని ఇలాగే ఆలస్యంగా బయటపడతాయి."

"నిలబడి పని చేస్తాను. అందువల్లా?"

"నీ వల్ల కాదు. కాన్పు మాత్రం పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రిలో పెట్టుకో."

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. లిఫ్టు గుంతలో దిగితే ఫోను కలవదు. ఐదోసారికి ఎత్తాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. "రెండోది బాగుందన్నారుగా," అన్నాడు. ఆ గొంతులో ధైర్యం లేదు.

తర్వాతి ఐదు వారాలూ ఆమెకు కంటిమీద కునుకు లేదు. బిడ్డ తంతే నొప్పితో తంతోందేమో అనుకునేది, తన్నకపోతే ఇంకా హడలిపోయేది. ఎప్పుడూ తప్పని చేతిలో ఒకే రోజు రెండు అద్దాలు పగిలాయి. యజమాని కోప్పడకుండా ఆమెను ఇంటికి పంపేశాడు.

ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా ఉంది, గుక్కపెట్టి ఏడ్చింది. చూసినవాళ్లంతా బంగారంలా ఉందన్నారు. ఆ మాట నమ్మాలని ఎంత ఉన్నా ఆమె నమ్మలేకపోయింది. మూడో రోజు స్కానింగ్‌లో వాపు అలాగే ఉంది. ఆరో వారంలో ఇంకాస్త పెరిగింది. మూడో నెలలో ఆపరేషన్ అన్నారు.

అంత చిన్న ప్రాణాన్ని నర్సు చేతుల్లో పెట్టి, తలుపు మూసుకున్నాక, అద్దాలక్క కుర్చీలో కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడింది. భర్త పక్కనే వచ్చి నిలబడ్డాడు. రెండున్నర గంటలు అలాగే ఉన్నారు.

సర్జన్ బయటికొచ్చి మాస్కు తీశాడు. "ఇరుకు ముక్క తీసేసి కలిపాం. కిడ్నీ దక్కింది. ఎనిమిదో నెలలో ఆ స్కానింగ్ చేయించుకోకపోతే బయటికి ఏమీ తెలిసేది కాదు. పిల్ల పాలు తాగుతూ, నవ్వుతూనే ఉండేది. లోపల కిడ్నీ పాడైపోయేది."

ఆమె భర్త చెయ్యి పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఏడాది నిండేసరికి వాపు సగానికి పైగా తగ్గింది. కిడ్నీ బాగా పనిచేస్తోందట. ఇంకొన్నేళ్లు ఆరునెలలకోసారి చూపించాలన్నారు. వెళ్లిన ప్రతిసారీ పిల్ల స్కానింగ్ గది గోడ మీది బొమ్మలు చూసి కేరింతలు కొడుతుంది. తల్లి మాత్రం డాక్టరు నోరు విప్పేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది.