కవల డిస్కులకు నవమి బొట్టు

బందరులో ఒక స్కానింగ్ సెంటరుంది. అక్కడి కంప్యూటర్ల భారమంతా మోసే ఇంజనీరు సత్యవాణి గారు రోజూ గుడివాడ నుంచి రైల్లో వస్తారు. ఆవిడ శాంతమూర్తి అని ఇంతవరకు ఎవరూ అనలేదు; అంటే ఆవిడే ఖండిస్తారు. టీలో పంచదార ఎక్కువైనా, టిక్కెట్ల వరసలో ఎవరైనా మధ్యలో దూరినా ముందు కళ్ళజోడు తీసి తుడుస్తారు. ఆ తుడవడం మొదలైందంటే అవతలివాడు వాదన కుదించుకోవడం క్షేమం. ఆవిడ తండ్రి కోర్టు గుమాస్తా. సాక్షి మాట మార్చిన రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టేవారు కాదట. స్థిరాస్తి లేని ఆ కుటుంబంలో పంపకాల తగాదా లేకుండా సంక్రమించినది కోపం ఒక్కటే.

ఆ సెంటరులో తీసిన ప్రతి స్కానూ రెండు డిస్కుల మీద ఒకేసారి పడుతుంది. ఒకటి చెడినా రెండోది ఉంటుందని ఆ ఏర్పాటు. ఒకటి కాసేపు బయటికి వెళ్ళిందనుకోండి, ఆ లోపల ఏయే భాగాల్లో కొత్త సమాచారం పడిందో ఆపరేటింగ్ సిస్టమ్ రెండోదాని మీద గుర్తులు పెట్టుకుంటుంది. వెళ్ళింది తిరిగి రాగానే ఆ భాగాలను మాత్రమే దానిలోకి ఎక్కిస్తుంది. రైతు భాషలో చెప్పాలంటే, నీరందని మళ్ళకే నీరు పెట్టడం. ఈ సంగతి సత్యవాణి గారు ప్రతి మేనేజరుకూ చెప్పారు. ప్రతి మేనేజరూ తలూపాడు. తలూపడం మా డెల్టాలో తరతరాలుగా వస్తున్న విద్య.

మొన్న మహర్నవమికి ఆవిడ సెలవు పెట్టారు. గారెల పిండి రుబ్బుతుండగా ఫోను మోగింది. "మేడం, సర్వరు అలిగింది" అన్నాడు మేనేజరు రాంబాబు. యజమాని గోవర్ధనరావు గారికి అతను స్వయానా బావమరిది, స్వభావరీత్యా భక్తుడు.

ఆవిడ బందరు చేరేసరికి సెంటరులో తెరలన్నీ నల్లగా ఉన్నాయి. సాంబ్రాణి వాసన మాత్రం దివ్యంగా ఉంది. వరండాలో స్ట్రెచర్ మీద కోడూరు రైతు పిచ్చేశ్వరరావు గారు పడుకుని ఉన్నారు, పక్కనే భార్య సుగుణ. ఆయన పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బింది. ఆపరేషన్‌కు విజయవాడలో డాక్టరు సిద్ధంగా ఉన్నారు, ఆయనకు కావలసింది పొద్దున ఇక్కడ తీసిన స్కాన్. ఆ స్కానే కనపడటం లేదు.

"స్కాన్ మిషన్లో కూడా ఉండాలి కదా?" అన్నారు సత్యవాణి గారు.

"ఆ స్కాన్ అయ్యాక మిషన్‌కూ పూజ చేద్దామని శుభ్రం చేయించాం మేడం. పైన తడిగుడ్డతో తుడిచాం, లోపలున్నవన్నీ డిలీట్ చేశాం."

ఆవిడ కళ్ళజోడు తీశారు. "డిస్కులెవరు ముట్టుకున్నారు?"

"ఆయుధ పూజ కదండీ. ఒకటో డిస్కు తీసి అమ్మవారి ముందు పెట్టాం. అప్పుడే ఈ కేసు వచ్చింది, స్కాన్ తీశాం. పూజయ్యాక డిస్కు మళ్ళీ పెట్టేశాం. పెట్టాక చూస్తే రెండోదానికి బొట్టు లేదు! కవలల్లో ఒకడికి పెట్టి ఇంకోడికి మానేస్తే దోషం కదా? వెంటనే దాన్నీ తీశాం."

"ఒకదాని వెనక ఒకటా?"

"రెండూ ఒకేసారి తీస్తే సెంటర్ ఆగిపోద్దని మీరే కదా చెప్పారు!"

మనం చెప్పిన జాగ్రత్తనే ఎదుటివాడు ఆయుధంగా పట్టుకొస్తే దానికి పూజ చేయడం కంటే గత్యంతరం లేదు. సత్యవాణి గారు అదీ చేయలేదు. పొద్దుటి స్కాన్ రెండోదానిలోనే ఉంది. మొదటిదానిలోకి ఎక్కడం పూర్తి కాకుండానే రెండోదాన్ని లాగేశారు. సగం ఎక్కిన మొదటిది ఒంటరిగా నడవలేక తెరలు నల్లబడ్డాయి.

ఇంతలో గోవర్ధనరావు గారు తన ఫోను స్పీకర్లో పెట్టారు. సర్వీసు కంపెనీ అబ్బాయి గొంతు: "మేడం, ఒకటో నంబరు డిస్కే అసలుది. దాన్ని రెండోదాని మీదికి మొత్తం కాపీ కొట్టెయ్యండి. నీట్‌గా ఉంటది."

"ఉంటుంది నాయనా. పొద్దుటి స్కాన్ కూడా నీట్‌గా పోతుంది."

"స్పెషలిస్టు చెప్తుంటే వినరేంటమ్మా?" అన్నారు గోవర్ధనరావు గారు. "పోతే మళ్ళీ తీద్దాం."

సుగుణ లేచి నిలబడింది. "మళ్ళీ ఆ రంగు మందు ఎక్కిస్తే కిడ్నీలు తట్టుకోవన్నారు గదండీ డాక్టరు గారు! మళ్ళీ తీద్దామని అంత తేలిగ్గా అంటారేంటి?"

"గోవర్ధనరావు గారూ," అన్నారు సత్యవాణి గారు, "ఘంటసాలలో మీకు పొలం ఉంది కదా. పై మడికి నీరందలేదు, కింది మడి నిండింది. రెండూ సమానం చేయాలని కింది మడిని తోడి ఎండగడతారా?"

"అట్లా ఏ వెధవ చేస్తాడమ్మా?"

"ఆయన చేయమంటున్నది అదే. రెండూ సమానమవుతాయి, ఎండిపోయి!"

యజమాని ఆ స్పెషలిస్టు ఫోను కట్ చేశారు. జీవితంలో ఆయన తీసుకున్న సాంకేతిక నిర్ణయం అదొక్కటే.

రెండో డిస్కుకు భక్తి కాస్త ఎక్కువే అందింది. లోపలికి దూరే అంచు మీద పసుపు, గంధం పూసి, కుంకుమ అద్దారు. ఆవిడ రాంబాబును తిడుతూ, స్పిరిట్ దూదితో ఆ గంధాన్ని తుడిచారు. మిగిలిన పసుపును కళ్ళజోడు గుడ్డతో తుడిచారు. మొదటిదాన్ని పక్కన పెట్టి, రెండోదాన్ని ఒంటరిగా నడిపించారు. తెర వెలిగింది. గుర్తులున్నాయి, వాటితోపాటు స్కానూ ఉంది.

"కనపడుతోందా అమ్మా?" అంది సుగుణ.

"కనపడుతోంది పిన్నిగారూ. విజయవాడకు పంపేస్తున్నా, మీరు బయల్దేరండి."

అవతలి డాక్టరు బొమ్మలు అందాయని చెప్పేదాకా మొదటి డిస్కును ఆవిడ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. స్ట్రెచర్ కదులుతుంటే పిచ్చేశ్వరరావు గారు నీరసంగా, "ఇంకా నయం, నన్నూ పూజలో పెట్టలేదు" అన్నారు.

అంబులెన్సు వెళ్ళాక మొదటి డిస్కును మళ్ళీ లోపల పెట్టారు. నీరందని మళ్ళకు నీరు ఎక్కసాగింది.

"అంతా అమ్మవారి దయ" అన్నారు గోవర్ధనరావు గారు చేతులు జోడించి. పిండి రుబ్బడం ఆపి పరుగెత్తుకొచ్చిన మనిషి ప్రస్తావన ఆ దయలో ఎక్కడా రాలేదు.

"వచ్చే ఏడు ఏ దోషం లేకుండా సర్వరు ఆపేసి రెంటినీ ఒకేసారి తీద్దాం బావగారూ" అన్నాడు రాంబాబు.

సత్యవాణి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. పసుపు తుడిచిన ఆ గుడ్డతోనే. లోకం పచ్చగా కనిపించింది.

"సర్వరు గది తాళం ఇటివ్వండి రాంబాబు గారూ."

"తాళానికీ పూజ చేయాలి కదా మేడం?"

"మా ఇంట్లో చేస్తాను" అని దాన్ని హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని గుడివాడ వెళ్ళిపోయారు. గారెల పిండి పులిసిపోయిన విషయంలో ఎవరికీ క్షమ లేదు.