మిద్దె కింద గచ్చు చప్పుడు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. ఎవరినీ నమ్మించాలని ఇది రాయడం లేదు.

ఎనభైల్లో భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న పాత రాజావారి మేడను మ్యూజియం చేయాలని మరమ్మతులు మొదలుపెట్టారు. నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. దర్బారు మిద్దె వానకు కురిసి కింద గోడల మీది బొమ్మలన్నీ చెడిపోతున్నాయి. పాత కట్టడానికి సిమెంటు పనికిరాదని పైన గానుగలో నూరిన డంగు సున్నమే వేయించారు.

పని మొదలైన ఏడే మా పసిబాబు జ్వరంతో పోయాడు. నా భార్య సరోజ ఏడవలేదు. మాట్లాడటం కూడా మానేసింది. ఇంట్లో ఒంటరిగా వదిలే ధైర్యం లేక రోజూ వెంట తీసుకెళ్ళేవాణ్ణి. నీడన కూర్చోబెడితే సాయంత్రం దాకా అక్కడే ఉండేది. నా పరిస్థితీ అంతే. తిన్నానో లేదో కూడా గుర్తుండేది కాదు.

మిద్దె మీద వేసిన సున్నం గట్టిపడేలా గచ్చు కొట్టడానికి గూడేల నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. వరసగా కూర్చుని, బెల్లం, కరక్కాయ నీళ్ళు చల్లుకుంటూ, పాట పాడుతూ చెక్కలతో కొడతారు. వాళ్ళకో పట్టింపు ఉంది. వరసలో ఒక్కరి చెయ్యి ఆడుతున్నా మిగతావాళ్ళు లేవరు. ఒకరోజు సరోజ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని చెక్క అందుకుంది. నేను వద్దనలేదు.

మధ్యాహ్నం అంబలి తాగడానికి అందరూ చేతులు ఆపారు. చప్పుడు ఆగలేదు. కింద దర్బారు గదిలోంచి వస్తోంది. ఒకే చెక్క, అదే లయ. ఆ గది తాళంచెవి నా జేబులోనే ఉంది.

దిగి తలుపు తీశాను. లోపల ఎవరూ లేరు. నేల మీద సున్నపు దుమ్ము, దాని మీద ఒక్క అడుగుజాడ లేదు. చప్పుడు మాత్రం గది నడుమ నుంచి వస్తూనే ఉంది. నాకు భయం వేయలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ అనిపించేది కాదు.

పైకి వచ్చేసరికి ఆడవాళ్ళు బెదిరిపోయి లేచి నిలబడ్డారు. సరోజ ఒక్కతే లేవకుండా మళ్ళీ చెక్క అందుకుని కొడుతోంది.

"కూసోండ్రి అక్కా," అంది. ఎన్ని నెలలైందో ఆ గొంతు విని. "కింద ఇంకా కొడుతున్నరు గద. ఒక్కరినే ఇడిసిపెట్టి లేస్తరా?"

అందరిలో పెద్దావిడ ముత్తమ్మ మొదట కూర్చుంది. "అవ్ బిడ్డా, లేవొద్దు," అని పాట ఎత్తుకుంది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. చాలాసేపు కొట్టాక కింద చప్పుడు ఆగింది. అప్పుడు సరోజ చెక్క పక్కన పెట్టి, బాబును పేరుపెట్టి పిలుస్తూ గుండెలవిసేలా ఏడ్చింది.

ఇప్పుడా గదిలో రాజావారి పల్లకి, కత్తులు పెట్టారు. ఆ చప్పుడేమిటో ఇంజనీర్లను అడిగాను, మేస్త్రీలను అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు, నాకూ తెలియలేదు. సరోజ మాత్రం ఆ రోజు నుంచి మళ్ళీ మనిషైంది.

నేనూ ఆ మిద్దె మీదే ఉన్నాను, ఆ చప్పుడే విన్నాను. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.