కాలు ఆనిస్తే చాలు

ఎన్నో ఏళ్లు ఒక మాటను నాలోనే దాచుకున్నాను. అది నా మాట కూడా కాదు. ఒక మెకానిక్ నాతో అన్నది, నేను మరొకరికి అందించవలసినది. అందించవలసిన పూట అందించలేదు. దాని బరువును ఈ రోజు మీ ముందు దించుతున్నాను.

రోడ్డు మీద నిర్లక్ష్యాన్ని సహించని మనిషిని నేను. వెనుక దీపం లేని ట్రాక్టర్ల మీద, అడ్డంగా నిలిపే లారీల మీద నేను పెట్టిన అర్జీల నకళ్లు తేదీల వరుసలో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. మరి నా మీద నేనెందుకు అర్జీ పెట్టుకోలేదు?

గాలిమరల రెక్కలు మోసే పొడవాటి లారీలు మా గుత్తి రోడ్డులో తిరగడం మొదలయ్యాక, నా పాత కారు బ్రేకుల మీద నమ్మకం పోయింది. ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, మేలైన ప్యాడ్లు వేయించాను. కూరగాయలకు పోయే కారుకు ఇన్ని హంగులెందుకని ఇంట్లో అందరూ నవ్వారు. రోజూ తిరిగే బండికే మంచి బ్రేకులు కావాలని వాదించాను. ఆ వాదన ఇప్పటికీ సరైనదే. బిగించిన మెకానిక్ మాత్రం, ప్యాడ్లు డిస్కుకు సర్దుకునేదాకా పట్టు తక్కువగా ఉంటుందని, కొన్ని దినాలు మెల్లగా తోలమని చెప్పాడు.

మరునాడు నా బామ్మర్ది కారు అడగడానికి వచ్చాడు. విడపనకల్లులో పనుందట. కారు తోలడమంటే అతనికి ప్రాణం. సొంతంగా ఒకటి కొనాలని చూస్తున్నాడు.

"ఏం బావా, కారుకు ఇమానం బ్రేకులు ఏపిచ్చినావంట?"

"నవ్వండప్పా నవ్వండి. కాలు ఆనిస్తే చాలు, మేకు కొట్టినట్ల నిలబడతాది."

"అట్లయితే ఎగిరిపోయి వస్తా. తాళాలియ్యి."

ఇచ్చాను. మెకానిక్ మాట మరిచిపోయానని మీతో అనడం సులభం. మరువలేదు. తాళాలు అతని చేతిలో పెడుతున్నప్పుడు అది నా నాలుక మీదే ఉంది. కానీ ఇంకా పట్టు రాలేదు, మెల్లగా తోలు అంటే, వేయించిన మరునాడే నా బ్రేకులు మళ్లీ నవ్వులపాలవుతాయని, ఆ ఒక్క పూట నా మాట నెగ్గాలని, ఊరుకున్నాను. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

దారిలో ఒక మలుపు దగ్గర గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. అతను నా మాట నమ్మి, బాగా దగ్గరికి వచ్చాకే కాలు ఆనించాడు. బండి నిలబడలేదు. పొట్టేళ్లు కొన్ని చచ్చిపోయాయి.

కబురు తెలిసి అక్కడికి పోయి నేను చేసిన మొదటి పని అతన్ని తిట్టడం. ఇంత మంచి బ్రేకులుండీ ఆపలేకపోయావా అని, నలుగురూ వినేలా. కాపరికి నష్టం అతనే కట్టాడు, నేను కట్టనిచ్చాను. అతనికి 'పొట్టేళ్ల డ్రైవరు' అని పేరు పెట్టింది కూడా నేనే. పెళ్లి విందుల్లో మాంసం వడ్డించేటప్పుడల్లా ఆ పేరుతో పిలిచి నవ్వేవాళ్లం. అతనూ నవ్వేవాడు. కారు కొనే మాట మళ్లీ ఎత్తలేదు. స్టీరింగు ముట్టలేదు. ఇప్పటికీ బస్సులోనే తిరుగుతాడు. ఇదంతా చూస్తూ, అదే పంక్తిలో కూర్చుని, నాకు ముద్ద ఎట్లా దిగింది?

మొన్న ప్యాడ్లు మళ్లీ మార్పించాను. అతను నా పక్కనే ఉన్నాడు. మెకానిక్ వేరు, మాట అదే: కొన్ని దినాలు మెల్లగా తోలండి. బామ్మర్ది నా వైపు తిరిగి, అప్పుడు కూడా ఇట్లే చెప్పినారా అని అడిగాడు. చెప్పినారు, నేనే నీకు చెప్పలేదు అన్నాను. ఇన్నేళ్లు మోసింది అంత చిన్న మాటతో దిగిపోతుందని నాకు తెలియదు.

అతను తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. బస్టాండు దగ్గర దించమన్నాడు. తలుపు వేస్తూ, "మెల్లగా పో బావా" అన్నాడు.

మెల్లగానే వచ్చాను. దారి పొడవునా ఊపిరి తేలికగా ఆడింది. వచ్చే నెల మా ఇంటి పెళ్లి విందులో ఎవరో ఒకరు 'పొట్టేళ్ల డ్రైవరూ' అని పిలుస్తారు. ఈసారి ఆ పేరుకు నేను లేచి పలుకుతాను.